గేటు నాలుగుకి కాఫీ అక్కర్లేదు

లోరెంజ్ హుగెంటోబ్లర్ మంగళవారం సాయంత్రం ఐదూ నలభైకి ఒక జోకు వేశాడు. ఏడు కాకుండానే చనిపోయాడు.

జోకు వేసింది ఏ కాఫీ బల్ల దగ్గరో కాదు, 'స్పూర్' అనే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ల మెయిలింగ్ లిస్టులో. గోదాముల్లో సరుకు జాడ రాసిపెట్టే స్పూర్ ఓపెన్ సోర్స్. దాని కోడ్ ఎవరైనా చదవచ్చు, దిద్దవచ్చు, ఆ లిస్టులో ఎవరైనా చేరవచ్చు. మూడు వందల మంది చేరారు. వాళ్లందరికీ లోరెంజ్ పంపింది ఒకే ఒక్క వాక్యం. "ఓల్టెన్ గోదాములో గేటు నాలుగుకి కాఫీ అక్కర్లేదనుకుంటా."

నలుగురు జవాబుగా నవ్వు బొమ్మలు పెట్టారు. ఐదోవాడెవడో నవ్వలేదు. లోరెంజ్ సైకిలు మీద ఆరే నది వంతెన దాటుతుంటే, నంబరు ప్లేటు లేని వ్యాను ఒకటి అతన్ని రెయిలింగుకేసి నొక్కి, ఆగకుండా వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున ఫ్లూరిన్ కప్రేజ్‌కి బెర్న్ నుంచి కబురొచ్చింది. అతను పనిచేసే ఆఫీసు తలుపు మీద 'పాడి గణాంకాల విభాగం' అని రాసి ఉంటుంది. లోపల పాలూ లేవు, లెక్కలూ లేవు. ఇరవై ఏళ్లుగా ఆ తలుపు వెనక గూఢచారులే కాపురం చేస్తున్నారు. వాళ్ల పై అధికారి ఫ్రావ్ ఎగెర్టర్‌కి అరవై దాటాయి. ఆవిడ నవ్వగా చూశామని చెప్పినవాళ్లు ఇద్దరే, ఆ ఇద్దరి మాటా ఎవరూ నమ్మలేదు.

ఆవిడ ఫైలు తోసి క్లుప్తంగా చెప్పింది. సరిహద్దు అవతల ఒక ముఠా ఉంది. మందులకు నకిలీలు చేస్తుంది. ఈసారి చేసింది రక్తం గడ్డకట్టించే ఇంజెక్షను. పుట్టుకతోనే రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్లకు అదే ప్రాణం. ఆ మందు ఓల్టెన్ గోదాములో నలభై నాలుగు పాలెట్లు, అంటే పెట్టెలు పేర్చిన చెక్క పీటలు, ఉంది. అందులో ఒకటి నకిలీ. అసలు పాలెట్టు ఏనాడో సరిహద్దు దాటి అమ్ముడుపోయింది. దాని ట్యాగు నంబరే నకిలీ దానికి తగిలించారు. శుక్రవారం పొద్దున అన్నీ ఆసుపత్రులకు బయలుదేరతాయి.

"అన్నింటినీ ఆపేద్దాం," అన్నాడు ఫ్లూరిన్.

"ఆపితే దేశంలో వారం రోజులు ఆ మందు ఉండదు. విప్పి పరీక్షించాలంటే నాలుగు రోజులు. ఒక్క పాలెట్టు ఆపమను, ఇప్పుడే సంతకం పెడతాను. నలభై నాలుగంటే మంత్రిగారికి నువ్వే చెప్పుకో."

లోరెంజ్ వాక్యాన్ని రహస్య లిపి విభాగం రాత్రంతా చిలికింది. కాఫీ అంటే బ్రెజిల్ అని ఒకరు, నాలుగు అంటే ఏప్రిల్ అని ఇంకొకరు తేల్చి మూడు పేజీల నివేదిక ఇచ్చారు. ఫ్లూరిన్ దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అతని మనసు అప్పటికే వేరే చోట ఉంది. తమ్ముడు గియోన్‌కి ఉన్నది ఆ జబ్బే. శుక్రవారం మధ్యాహ్నం పన్నెండింటికి వాడికి మోకాలి ఆపరేషన్. రక్తం ఆగడానికి ఇచ్చేది ఆ ఓల్టెన్ మందే.

ఫ్లూరిన్ అదే రోజు జ్యూరిక్ యూనివర్సిటీ ల్యాబుకి వెళ్లాడు, పాలపొడి కంపెనీ ప్రతినిధి వేషంలో. స్పూర్‌కి పెద్ద దిక్కు బెయాట్ న్యూస్లి అక్కడే ఉంటాడు. సన్నటి మనిషి, మోచేతుల దగ్గర చిరిగిన స్వెట్టరు, మూడు రోజుల గడ్డం. బయటివాళ్లు పంపే మార్పుల్ని చదివి, సంతకం పెట్టి అసలు కోడ్‌లో చేర్చేది ఇతనే.

బెయాట్ ట్యాగొకటి చేతిలో పెట్టి చూపించాడు. బియ్యపు గింజ కన్నా చిన్న చిప్, దాని చుట్టూ రేకు తీగ. గోదాము గేటుకున్న యాంటెనా దగ్గరికి రాగానే అది తన నంబరు చెబుతుంది. ప్రతి గేటూ నాలుగే సంగతులు రాస్తుంది: ఏది, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు. ఏ దేశంలోనైనా, ఏ కంపెనీలోనైనా ఆ నాలుగూ ఒకే పద్ధతిలో రాయాలి. అదే స్టాండర్డ్. ఫ్యాక్టరీ నుంచి ఆసుపత్రి దాకా ఆ రాతలన్నీ వరసగా ఉంటేనే సరుకు అసలుది.

"దీన్ని మోసం చెయ్యలేరా?" అని ఫ్లూరిన్ అమాయకంగా అడిగాడు.

"ట్యాగుకి శత్రువులు ఇద్దరే. నీళ్లు, లోహం. రెండిట్లో ఏది అడ్డం వచ్చినా మూగబోతుంది."

"నేను అడిగింది మనుషుల గురించి. కోడ్ అందరి ముందూ పరిచి పెట్టారు. దొంగ కూడా చదువుతాడుగా."

"మేం చూపించేది తాళం బొమ్మే. తాళంచెవి కాదు," అన్నాడు బెయాట్. తర్వాత ఎవరూ అడగకుండానే, "లోరెంజ్ సంగతి నాకేం తెలీదు," అన్నాడు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆ మాట. లోరెంజ్ పేరు ఫ్లూరిన్ ఎత్తనే లేదు. బెయాట్ కళ్లు మాటిమాటికీ కంప్యూటరు వైపు పోతున్నాయి. ఫ్లూరిన్ అటు తిరిగేసరికి తెర మీద ఏదో మూసేశాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ ఇంటికి తలుపులే లేవు, ఇక ఇంటి దొంగెవరో బయటి దొంగెవరో చెప్పేదెవరు? రైల్లో బెర్న్ దాకా ఫ్లూరిన్ అదే ఆలోచించాడు.

గురువారం మధ్యాహ్నం ఓల్టెన్ స్టేషను ఫలహారశాలలో కిటికీ పక్క బల్ల దగ్గర డెల్ఫిన్ రోషా కూర్చుని ఉంది. ఆవిడ లోపలికొస్తే సూపు తాగేవాళ్ల చెంచాలు దారిలోనే ఆగిపోతాయి. నెమలి రంగు శాలువా, జుట్టులో వెండి పిన్ను, ఎవరినైనా తన పాత స్నేహితుణ్ణి చూసినట్టు చూసే కళ్లు. నలుగురికీ తెలిసినంతవరకు లోజాన్ మనిషి, స్టాండర్డ్ల కమిటీ తరఫున గోదాములు తనిఖీ చేస్తుంది. ముఠాకి తెలిసినంతవరకు వాళ్ల మనిషి. ఫ్రావ్ ఎగెర్టర్‌కి తెలిసినంతవరకు, రెండేళ్లుగా ముఠాలో ఉన్న మన మనిషి.

"ఈ రైలు లుసెర్న్ వెళ్తుందాండీ?" అని అడిగాడు ఫ్లూరిన్.

"వెళ్తుంది. మంచు పడితే మాత్రం చెప్పలేం," అంది ఆవిడ. సంకేతం సరిపోయింది.

ఆవిడ చెప్పింది మూడే మాటలు. నకిలీ పాలెట్టు నంబరు నూట పదిహేడు. ముఠాకి కోడ్‌లో దొడ్డిదారి తెరిచింది బెయాట్ న్యూస్లి. రేపు తనిఖీ పేరుతో తానే గోదాముకి వస్తుంది. నూట పదిహేడుని పక్కకి లాగించి, కాల్చేసేదాకా దగ్గరుండి చూస్తుంది.

అన్నీ అతికినట్టు సరిపోయాయి. అందుకే ఫ్లూరిన్‌కి మింగుడుపడలేదు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో అతనికి అబ్బింది ఈ ఒక్క రోగమే. ఎవరైనా దారి చూపిస్తే ముందు వాళ్ల చెప్పులకున్న మట్టి చూస్తాడు. ఆవిడ మాట నిజమైతే నూట పదిహేడు బూడిదవుతుంది, గియోన్ బతుకుతాడు. అబద్ధమైతే మంచి మందు బూడిదై, నకిలీది ఆసుపత్రికి చేరుతుంది.

ఆ సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేసి ఆపరేషన్ వారం వాయిదా వెయ్యమన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాడు గియోన్.

"ఊరికే. నా మాట వినరా."

"పదకొండు నెలలు ఎదురుచూశాను. కర్ర లేకుండా మెట్లు దిగి రెండేళ్లయింది. ఊరికే అంటే ఎలా మానుకుంటాను? పాల లెక్కల్లో ఏమైనా తేడా వచ్చిందా?"

కారణం చెప్పే హక్కు ఫ్లూరిన్‌కి లేదు. వాడు నవ్వి ఫోన్ పెట్టేశాడు. ఆ నవ్వు ఫ్లూరిన్‌ని నిజంగా భయపెట్టింది.

శుక్రవారం పొద్దున ఏడింటికి నారింజ రంగు చొక్కా వేసుకుని, కొత్త కూలీ వేషంలో ఓల్టెన్ గోదాములో దిగాడు. భుజాన సంచిలో వెన్న రాసి జున్ను పెట్టిన బ్రెడ్డు, అల్యూమినియం రేకులో చుట్టింది. పక్కన ఒక ఫ్లాస్కు. ఫ్లాస్కులో కాఫీ లేదు. అది ట్యాగులు చదివే యంత్రం. మూత తిప్పితే పది గజాల్లో ఉన్న పాలెట్ల నంబర్లు అడుగున కనిపిస్తాయి. బెర్న్ ఇంజనీర్లు ఎనిమిది నెలలు కష్టపడి తయారుచేశారు.

మేస్త్రీ రూడికి యాభై ఐదేళ్లు, పీపా లాంటి మనిషి. అతను చూపించిన చోట ఫ్లూరిన్ పెట్టెలెత్తాడు. ఎనిమిదిన్నరకి డెల్ఫిన్ వచ్చింది, చేతిలో అట్ట, దాని మీద తనిఖీ కాగితాలు. ఇద్దరూ ముఖాలు చూసుకోలేదు. ఆవిడ నూట పదిహేడు ముందు నిలబడి ఎర్ర చీటీ అంటించింది. మిగతా పాలెట్లు ఒకటొకటిగా లారీలెక్కుతున్నాయి.

ఫ్లూరిన్ ఒక పెట్టె సగం ఎత్తాడు. టంగుమని గంట మోగింది. అంతే, గోదాము మొత్తం నిలిచిపోయింది. సరుకెత్తే ఫోర్క్‌లిఫ్టులు ఎక్కడివక్కడే ఆగాయి. నలభై మంది చేతి తొడుగులు విప్పి భోజనాల గదికి నడిచారు.

"ఏమయ్యా కొత్తబ్బాయ్, గంట వినపడలా?" అన్నాడు రూడి. "దించు దాన్ని. పావుగంటలో ఆ పెట్టె ముసలిదైపోదులే. జ్నూనీ టైము."

తొమ్మిది గంటల జ్నూనీ. బడిపిల్లల నుంచి బ్యాంకు పెద్దల దాకా ఈ దేశంలో తొమ్మిదికి ఆ కాఫీ, ఆ రొట్టెముక్క తప్పించేవాడు లేడు. ఫ్లూరిన్ కూడా రోజూ తాగుతాడు, ఊపిరి పీల్చినట్టు తాగుతాడు. అందుకే దాని గురించి ఏనాడూ ఆలోచించలేదు.

"అమ్మగారూ, మీరూ రండి," అని రూడి డెల్ఫిన్‌ని పిలిచాడు.

"విరామమా? ఇప్పుడా?" అంది డెల్ఫిన్. ముఖంలో నిజమైన ఆశ్చర్యం. "లారీలు నిలబడి ఉన్నాయిగా. మీరు కానివ్వండి. నాకు కాఫీ అక్కర్లేదు."

రూడి భుజాలెగరేసి వెళ్లిపోయాడు. ఫ్లూరిన్ మాత్రం గుమ్మంలో నిలబడిపోయాడు. ఆ మాట బుధవారం నుంచీ అతని జేబులోనే ఉంది.

గేటు యంత్రమే. యంత్రానికి విరామం ఉండదు. కానీ గేటు దేన్నైనా చదవాలంటే సరుకుని ఎవడో ఒకడు దానిలోంచి నెట్టాలి. తొమ్మిది నుంచి తొమ్మిదింబావు దాకా ఈ గోదాములో నెట్టేవాడు ఒక్కడూ లేడు. ఆ వేళకి గేటు నాలుగు ఏదైనా చదివినట్టు రాసి ఉంటే, అది గేటు రాసింది కాదు. ఇక్కడ ఒక్క పొద్దైనా గడపనివాళ్లు ఎక్కడో కూర్చుని కల్పించింది. కాఫీ బ్రెజిలూ కాదు, నాలుగు ఏప్రిలూ కాదు. లోరెంజ్ ఉన్నమాటే చెప్పాడు. ఈ విరామమే తెలియని డెల్ఫిన్ లోజాన్ మనిషి అయ్యుండదు.

లారీల చాటుకి వెళ్లి ల్యాబుకి ఫోన్ చేశాడు. ఏడుసార్లు మోగాక బెయాట్ నోట్లో రొట్టెతోనే ఎత్తాడు. ఫ్లూరిన్ పాలపొడి వేషం వదిలేసి తానెవరో చెప్పాడు. మందు పాలెట్లలో గేటు నాలుగు తొమ్మిదికీ తొమ్మిదింబావుకీ మధ్య చదివినవి ఏవో చూడమన్నాడు. కీబోర్డు చప్పుడు వినపడింది.

"ఒక్కటే ఉంది. రెండు వందల నాలుగు. మంగళవారం తొమ్మిదీ ఏడు." బెయాట్ రొట్టె మింగాడు. "గేటు చదవకున్నా చదివినట్టు రాయించే దొడ్డిదారి అది, నా సంతకంతోనే వచ్చింది. ఎవరో కొత్త మనిషి పంపిన మార్పు. నేను చదవకుండా ఒప్పుకున్నాను."

"ఎంతకి అమ్ముడుపోయావ్?"

"అమ్ముడుపోవడం కాదు. అది ఒప్పుకున్న టైము కోడ్‌లోనే ఉంది, ఎవరైనా చూడొచ్చు. ఎనిమిదీ యాభై ఎనిమిది. తొమ్మిది కావస్తోంది. ఎవరో వాల్‌నట్ కేకు తెచ్చారు, అందరూ వంటగదిలోంచి పిలుస్తున్నారు. నేను నొక్కేసి వెళ్లిపోయాను. లోరెంజ్ జోకు చదివి నేనూ నవ్వానండీ. అర్థమయ్యేసరికి వాడు లేడు. ఎవరికి చెప్పాలో తెలీలేదు."

మూడు రోజులుగా అనుమానిస్తున్న మనిషి మీద ఫ్లూరిన్‌కి ఒక్కసారిగా జాలేసింది. జాలిపడే టైము లేకపోయింది. అవతలి పక్క ఒక ఇంజను గుర్రుమంది.

గోదాములో నిలబడిన తొమ్మిది లారీల్లో ఎనిమిదింటి డ్రైవర్లు కాఫీ తాగుతున్నారు. తొమ్మిదోవాడికి కూడా జ్నూనీ అంటే ఏమిటో తెలియదు. ఫ్లూరిన్ లారీ పక్కన పరుగెడుతూ ఫ్లాస్కు మూత తిప్పాడు. అడుగున అంకెలు వెలిగాయి. రెండు వందల నాలుగు.

బయటి గేటు దగ్గర కాపలా లేదు, అక్కర్లేదు కూడా. లారీ అద్దానికున్న ట్యాగుని స్తంభం మీది యాంటెనా చదివితే అడ్డకమ్మీ దానంతటదే లేస్తుంది. లారీ ఇంకా ముప్పై గజాల దూరంలో ఉంది, దాని అద్దం మీది చీటీలో గియోన్ ఉన్న ఆసుపత్రి పేరు. సాయానికి బెర్న్ పంపిన ఇద్దరు మనుషులు రోడ్డవతల వ్యానులో ఉండాలి. వ్యాను ఉంది, మనుషులు లేరు. తొమ్మిదీ పది కదా.

నీళ్లు, లోహం. ఫ్లూరిన్ సంచి గుంజి బ్రెడ్డుని నేలకేసి కొట్టాడు. రేకు విప్పి యాంటెనా పలక మీద పరిచి రెండు చేతులతో అదిమి పట్టాడు. లారీ వచ్చి ఆగింది. కమ్మీ కదల్లేదు. డ్రైవరు హారన్ కొట్టాడు, వెనక్కి పోయి మళ్లీ వచ్చాడు, మళ్లీ కొట్టాడు. కమ్మీ ఉక్కుది, గుద్దితే లారీయే చితుకుతుంది.

వెనక ఎత్తుమడమ చెప్పుల చప్పుడు దగ్గరైంది. డెల్ఫిన్ తనిఖీ అట్ట అలాగే పట్టుకుని ఉంది. అట్ట కింద నుంచి చిన్న పిస్తోలు గొట్టం చూస్తోంది.

"చేతులు దించండి," అంది.

ఇరవై ఏళ్లలో ఎందరో అతన్ని చేతులెత్తమన్నారు. దించమన్న మొదటి మనిషి ఈవిడే. ఫ్లూరిన్ దించలేదు. రేకుని అదిమిన చేతికున్న గడియారం కళ్లెదుటే ఉంది. తొమ్మిదీ పన్నెండు. ఒక్క మూడు నిమిషాలు కావాలి.

"లోరెంజ్‌ని వంతెన మీద చంపింది మీవాళ్లేనా?"

"అతను కోరి చంపించుకున్నాడు. అందరూ చదివే చోట రాస్తే మేమూ చదువుతాంగా."

"ఆ పాలెట్టులో ఏముంది?"

"ఉప్పునీళ్లు. విషం కాదు, మేం రాక్షసులం కాం."

"నా తమ్ముడికి ఇవాళ పన్నెండింటికి ఎక్కించేది అదే." అతని గొంతు తనకే కొత్తగా వినిపించింది. "ఉప్పునీళ్లెక్కించి కాలు కోస్తే ఏమవుతుందో మీకు తెలుసా?"

ఆవిడ కళ్లలో ఏదో కదిలింది, వెంటనే ఆరిపోయింది. "నాకు తమ్ముళ్లు లేరు. పదంకెలు లెక్కపెడతాను. తర్వాత ఆ రేకు మీ చేతుల్తో పనిలేకుండానే కిందపడుతుంది."

ఆవిడ లెక్క పెద్దగా తొందరపడలేదు. తొందరపడాల్సిన అవసరమే ఆవిడకి కనపడలేదు. చుట్టూ మనిషన్నవాడు లేడు. విరామం ఎంతసేపో ఆవిడ ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే, ఏడో అంకె దగ్గర కాల్చేసి ఉండేది.

తొమ్మిదో అంకె దగ్గర గంట మోగింది.

తలుపు తెరుచుకుని నలభై మంది ఒక్కసారిగా బయటికొచ్చారు, తొడుగులు వేసుకుంటూ, మూతులు తుడుచుకుంటూ. ఎనిమిది ఫోర్క్‌లిఫ్టులు లేచాయి. ఒకటి లారీ వెనక్కి, ఒకటి పక్కకి వచ్చి ఆగాయి. ఇంకోదాన్ని రూడి నడుపుతున్నాడు. దాన్ని సరిగ్గా డెల్ఫిన్‌కీ ఆవిడ కారుకీ మధ్య నిలిపాడు. అతను వీరత్వం కోసం ఆ పని చెయ్యలేదు. రోజూ తొమ్మిదింబావుకి బండి ఆపే చోటు అదే.

"అమ్మగారూ, విరామం అయిపోయింది. దారికడ్డం నిలబడకండి," అన్నాడు. అప్పుడు అట్ట కిందున్నది చూశాడు. తన ఫోర్క్‌లిఫ్టు పళ్లని నెమ్మదిగా ఆవిడ నడుమెత్తుకి లేపి అక్కడే ఉంచాడు.

నలభై జతల కళ్లు, అటు ఇటు ఇనప పళ్లు. డెల్ఫిన్ రోషా తెలివైన మనిషి. పిస్తోలు అట్ట మీద పెట్టి, తనిఖీ కాగితం అందించినట్టు రూడికి అందించింది. పది నిమిషాలకి బెర్న్ మనుషులిద్దరూ మీసాలకి మీగడతో పరుగెత్తుకొచ్చారు.

ఎర్ర చీటీ పీకేసిన నూట పదిహేడు పాలెట్టు ఆ లారీ వెళ్లాల్సిన ఆసుపత్రికే వెళ్లింది, సైరన్ పెట్టుకుని. మూడున్నరకి ఫ్లూరిన్ ఫోన్ మోగింది.

"అన్నా," అన్నాడు గియోన్, మత్తు పూర్తిగా వదలని గొంతుతో. "కుట్లు పొడిగా ఉన్నాయంట. డాక్టరు రెండుసార్లు చూశాడు. నువ్వేంటి, ఏడుస్తున్నావా?"

"జలుబురా," అన్నాడు ఫ్లూరిన్. గూఢచారిగా అతను ఆ రోజు ఆడిన ఆఖరి అబద్ధం అదే, అదీ నిలబడలేదు.

తర్వాతి వారం బెయాట్ స్పూర్‌లో ఒక చిన్న మార్పు చేశాడు. విరామం వేళ గేటు ఏదైనా చదివితే మనిషి వచ్చి చూసేదాకా సరుకు కదలదు. దానికి లోరెంజ్ పేరు పెట్టాడు. ఈసారి ఒప్పుకునే ముందు ముగ్గురు చదివారు, పదిన్నరకి. అది స్టాండర్డులో లేదని కమిటీ అభ్యంతరం చెబుతూ ఉత్తరం రాసింది. ఇంకా రాస్తూనే ఉంది.

ఫ్రావ్ ఎగెర్టర్ ఫ్లూరిన్‌ని పిలిచి నివేదిక మీద సంతకం పెట్టించుకుంది. మెచ్చుకోలు లాంటిదేదో సగం గొణిగింది. తర్వాత సొరుగులోంచి ఇంకో కాగితం తీసి అతని ముందుంచింది. ఓల్టెన్ గోదాము కార్మిక సంఘం ఫిర్యాదు, కింద మేస్త్రీ రూడి సంతకం.

"కొత్త కూలీ జ్నూనీ టైములో పని చేశాడట," అంది ఆవిడ. "ముఠాల నుంచి నిన్ను కాపాడగలను కప్రేజ్. దీని నుంచి మాత్రం నావల్ల కాదు."